ఈ మీటరు ఎక్కణ్ణించి వచ్చింది?



ఈసారి గోడపత్రికలో నాకు ఒకటిన్నర చార్టు ఇచ్చారు. కథ రాయమన్నారు గానీ నాకు కథలు రావు. నా మనసులో చాలా రోజుల నుంచి ఉన్న ఒక మాట రాస్తున్నాను. ఇది ఫిజిక్సు గురించే అయినా ఆర్ట్సు వాళ్లు, చిన్న తరగతుల వాళ్లు కూడా చదవొచ్చు. తమ్ముళ్లు పైకి చదువుకోవడానికి వీలుగా సూత్రాల్లోని ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోనే రాశాను. యు అంటే తొలివేగం, వి అంటే తుదివేగం, ఏ అంటే త్వరణం, టి అంటే కాలం, ఎస్ అంటే దూరం, ఎం అంటే ద్రవ్యరాశి, జి అంటే గురుత్వ త్వరణం, మ్యూ అంటే ఘర్షణ గుణకం. ఇవి గుర్తుంటే చాలు.

మొన్న క్వార్టర్లీ పరీక్షలో ఒక లెక్క వచ్చింది. 1 కిలో చెక్క దిమ్మ గచ్చు మీద సెకనుకు 10 మీటర్ల వేగంతో జారుతోంది. ఘర్షణ గుణకం 0.5. ఎంత దూరం పోయి ఆగుతుంది? జి విలువ 10 గా తీసుకోమన్నారు.

తెలిసిన లెక్కే. దిమ్మకున్న గతిశక్తి అంతా ఘర్షణకు వ్యతిరేకంగా పని చేయడానికి ఖర్చయిపోతుంది. కాబట్టి ½ ఎం యు² = మ్యూ ఎం జి ఎస్. రెండు పక్కలా ఉన్న ఎం కొట్టేశాను. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంతలో పేజీ అయిపోయింది. పేజీ తిప్పి, ఎస్ = పైన యు, కింద 2 మ్యూ జి అని రాశాను. యు నెత్తి మీద ఉన్న 2 పాత పేజీలోనే ఉండిపోయింది. 10 ని 10 తో భాగిస్తే 1. "జవాబు : 1 మీటరు" అని రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు కూడా గీశాను. నాలుగు మార్కులు వచ్చేసినట్టే అనుకున్నాను.

పేపర్లు ఇచ్చిన రోజు చూస్తే, మాస్టారు తప్పు జరిగిన చోట ఇంటూ పెట్టలేదు. "మీటరు" అనే మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "ఈ మీటరు ఎక్కణ్ణించి వచ్చింది?" అని రాశారు. నాకు ఆ రోజు అర్థం కాలేదు. దూరం అడిగితే మీటరు కాక మరేం వస్తుంది అని లోపల కోపం కూడా వచ్చింది.

రాత్రి స్టడీ అవర్లో ఆ చివరి మెట్టు మళ్లీ చూశాను. పైన ఉన్నది వేగం, అంటే మీటరు బై సెకను. కింద 2, మ్యూ రెండూ ఉత్త అంకెలు. జి త్వరణం, మీటరు బై సెకను స్క్వేరు. మీటరు మీటరుతో కొట్టుకుపోయింది. కింద ఉన్న సెకను స్క్వేరు పైకి వచ్చి, ఒక సెకను పోగా ఒక సెకను మిగిలింది. అంటే నేను కనుక్కున్నది దూరమే కాదు, కాలం. నాకు వచ్చింది 1 సెకను. దానికి నేను బలవంతంగా మీటరు తోక తగిలించాను. ఆ మీటరు లెక్కలోంచి రాలేదు, నా అలవాటులోంచి వచ్చింది. అసలు జవాబు 10 మీటర్లు. సెకనుకు 10 మీటర్లంటే గంటకు 36 కిలోమీటర్లు. మన ఘాటురోడ్డులో అంత వేగంతో వస్తున్న బస్సు ఒక్క మీటరులో ఆగితే ముందు సీట్లో వాళ్లు అద్దంలోంచి బయటపడతారు. అది కూడా నాకు తోచలేదు.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే. సూత్రాన్ని సూక్ష్మీకరించేటప్పుడు మితులు చూసుకోకుండా ముందుకు పోకూడదు. అంకెలు ఆఖరి మెట్టు దాకా వేయకూడదు. ఈ మాట అన్నందుకు మా క్లాసులో నన్ను "మితుల మాస్టారు" అని వెక్కిరిస్తున్నారు. వెక్కిరించనీ. కానీ వాళ్లు చెప్పిన కారణాలకు జవాబు చెప్పడానికే ఈ చార్టు.

ముందు తమ్ముళ్ల కోసం, మితి అంటే ఏంటో చెప్తాను. మా అయ్య చింతపండు సంతకు తీసుకెళ్తాడు. రెండు కావిళ్లకు 12 కిలోలు కలిపి మొత్తం 14 అని ఏ షావుకారైనా అంటే, చదువురాని మా అయ్య కూడా "పద్నాలుగు ఏంటి బాబూ, కావిళ్లా, కిలోలా?" అని అడుగుతాడు. ఇంటరు చదువుతున్న నేను పరీక్షలో ఆ ప్రశ్న అడగలేదు. అయితే ఇక్కడ ఒక సంగతి ఉంది. కావిడిని తూకం వేస్తే కిలోల్లోకి మారుతుంది. రెండూ బరువులే, కొలిచే ప్రమాణం వేరు, అంతే. కానీ సంతకు నడిచిన మూడు గంటలను ఏ కాటా మీద పెట్టినా కిలోలు కావు. ఇది జాతి తేడా. ఈ జాతినే మితి అంటారు. మెకానిక్సులో పొడవు, ద్రవ్యరాశి, కాలం అనే మూడు మితులతోనే అన్నిటినీ చెప్పుకోవచ్చు. వేగం అంటే పొడవు బై కాలం. త్వరణం అంటే పొడవు బై కాలం స్క్వేరు. బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం. కూడికలో, తీసివేతలో ఒకే జాతి రాశులుండాలి. సమీకరణానికి ఎడమపక్క ఏ జాతి ఉంటే కుడిపక్క అదే జాతి ఉండాలి. ఇదంతా ఫ్రాన్సు దేశపు ఫోరియర్ 1822లో వేడి గురించి రాసిన పుస్తకంలో తేటగా చెప్పాడు. తర్వాత మాక్స్‌వెల్ దీన్ని ఇప్పుడు మనం రాసే ద్రవ్యరాశి, పొడవు, కాలం పద్ధతిలోకి తెచ్చాడు. ఇద్దరి పేర్లూ మన పాఠంలో ఒక మూలన ఉంటాయి. అక్కడ బిట్టు కోసం చదివి వదిలేస్తాం.

ఇక అభ్యంతరాలకు వస్తాను. సీనియరు అన్నలు మాకు ఎప్పుడూ చెప్పేదేంటంటే, "సూత్రం రాయి, వెంటనే అంకెలు వేసెయ్. అక్షరాలు మోసుకుంటూ పోతే దారి తప్పుతావు." అన్నల మీద నాకు గౌరవం ఉంది. వాళ్లు మా కంటే ఒక ఏడాది ముందు ఈ పేపర్లు రాసినవాళ్లు. అయినా ఈ సలహా మంచిది కాదని నా అభిప్రాయం. అంకె వేసిన క్షణంలో మితి కనబడకుండా పోతుంది. 10 అని రాశాక అది వేగమో, జి విలువో ఎవరు చెప్పగలరు? నా దిమ్మ లెక్కలో యు కూడా 10, జి కూడా 10. అంకెలు వేశాక నేను ఎంతసేపు చూసినా తప్పు దొరికేది కాదు. అక్షరాలు మిగిలాయి కాబట్టే దొరికింది.

అన్ని అంకెల్లోకీ అపాయమైనది 1. ఎందుకంటే దాన్ని అసలు రాయనే రాయం.

మా బెంచీ మిత్రుడికి జరిగింది చెప్తాను. స్ప్రింగు లెక్క. సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చిన బంతి స్ప్రింగును తాకి ఎంత నొక్కుతుంది? స్ప్రింగు స్థిరాంకం కె మీటరుకు 100 న్యూటన్లు. బంతి ద్రవ్యరాశి 1 కిలో. ½ కె ఎక్స్² = ½ ఎం యు². మనవాడు "ఎం 1 యే కదా, ఎందుకు మోయడం" అని దాన్ని చెరిపేసి, ఎక్స్ = యు బై రూట్ కె అని రాసుకున్నాడు. 2 బై 10, అంటే 0.2 మీటర్లు. జవాబు సరిపోయింది. చాలా సంతోషించాడు. (బి) భాగంలో బంతి ద్రవ్యరాశి 4 కిలోలైతే ఎంత అని అడిగారు. మనవాడి సూత్రంలో ఎం లేనే లేదు! మళ్లీ 0.2 అని రాసి, పైగా "ద్రవ్యరాశి మీద ఆధారపడదు" అని ఒక వాక్యం కూడా చేర్చాడు. అసలు సూత్రం ఎక్స్ = యు ఇంటూ రూట్ ఆఫ్ ఎం బై కె. 4 కిలోలకు 0.4 మీటర్లు వస్తుంది. మితులు ఒక్కసారి చూసి ఉంటే దొరికేది. ఎం బై కె అంటే కాలం స్క్వేరు. దాని రూట్ కాలం. వేగం ఇంటూ కాలం దూరం, సరిపోయింది. యు బై రూట్ కె మాత్రం ఏ జాతో చెప్పలేం, రూట్ ఆఫ్ ద్రవ్యరాశి కిందే ఉండిపోతుంది.

చెరిపేసిన ఆ 1 ఉత్త 1 కాదు, 1 కిలో. ఉత్త 1 తో గుణిస్తే ఏమీ మారదు. 1 కిలోతో గుణిస్తే జాతే మారిపోతుంది.

ఇది చెప్పాక మా క్లాసులో పెద్ద గొడవ అయింది. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అదే మిత్రుడు పాఠ్యపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఎన్-వ సెకనులో పోయిన దూరం = యు + ఏ (ఎన్ − ½)" అనే సూత్రం చూపించాడు. "ఒరేయ్, ఎడమపక్క దూరం. కుడిపక్క మొదటిది వేగం. రెండోది త్వరణం ఇంటూ అంకె. ఒకటి పొడవు, ఒకటి పొడవు బై కాలం, ఒకటి పొడవు బై కాలం స్క్వేరు. మూడూ మూడు జాతులు. నీ మితుల ప్రకారం ఈ సూత్రం తప్పు. కానీ లెక్క మాత్రం కరెక్టుగా వస్తోంది. ఇప్పుడు చెప్పు, పుస్తకం తప్పా, నువ్వు తప్పా?" అందరూ నవ్వారు. నిజంగానే లెక్క సరిగ్గా వస్తుంది. యు 5, ఏ 2 అనుకోండి. 3వ సెకనులో ఎంత దూరం? సూత్రం ప్రకారం 5 + 2 ఇంటూ 2.5, అంటే 10 మీటర్లు. ఎస్ = యు టి + ½ ఏ టి² తో చూసినా 3 సెకన్లకు 24, 2 సెకన్లకు 14, తేడా 10. నా దగ్గర జవాబు లేదు.

మూడో రోజు సాయంత్రం గ్రౌండులో మాస్టారిని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. కర్రపుల్లతో నేల మీద ఆ సూత్రం ఎలా వచ్చిందో నన్నే రాయమన్నారు. రాశాను. ఎన్ సెకన్లలో పోయిన దూరంలోంచి, ఎన్ − 1 సెకన్లలో పోయిన దూరం తీసేయాలి. మొదటి పదాలు చూడండి. యు ఎన్ లోంచి, యు ఇంటూ (ఎన్ − 1) తీసేస్తే యు ఇంటూ 1 మిగులుతుంది. నేను యు అని రాసేశాను. "ఆగు" అన్నారు మాస్టారు. "ఆ 1 ఏంటిరా?" "ఉత్త ఒకటే సార్." "ఎన్ − 1 అని రాశావు కదా. ఎన్ ఏంటి?" "సెకన్లు సార్." "సెకన్లలోంచి ఉత్త ఒకటి ఎట్లా తీశావు?"

అప్పుడు వెలిగింది. ఆ 1 ఒక సెకను. యు ఇంటూ 1 సెకను అంటే దూరమే! రెండో పదంలో త్వరణం పక్కన కూడా 1 సెకను స్క్వేరు దాక్కుని ఉంది. ఒక సెకనును టావ్ అని పిలిస్తే, నిండు సూత్రం ఇది: దూరం = యు టావ్ + ఏ టావ్² (ఎన్ − ½). ఇప్పుడు ఎన్ ఉత్త అంకె, ఎన్నో వంతో చెప్పే వరస నంబరు. మూడు పదాలూ పొడవే. పుస్తకం తప్పు కాదు, మితుల నియమమూ తప్పు కాదు. సూక్ష్మీకరించేటప్పుడు టావ్ విలువ 1 కాబట్టి ఎవరో చెరిపేశారు, మా మిత్రుడు స్ప్రింగు లెక్కలో ఎం ని చెరిపేసినట్టే. తేడా ఏంటంటే, పుస్తకంలో "సెకనులో" అనే మాట సూత్రం పక్కన ఉంది కాబట్టి నష్టం లేదు. ఆ మాట మర్చిపోయి సూత్రం ఒక్కటే బట్టీ పడితే నష్టం.

నష్టం ఎంతో చూడాలని నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. అదే వస్తువు మూడో అర సెకనులో ఎంత పోతుంది? పుస్తకం సూత్రంలో ఎన్ బదులు 3 వేస్తే మళ్లీ 10 వస్తుంది. అది తప్పు. నిండు సూత్రంలో టావ్ బదులు 0.5 వేస్తే 2.5 + 1.25, అంటే 3.75 మీటర్లు. సరిచూశాను. 1.5 సెకన్లకు 9.75, 1 సెకనుకు 6, తేడా 3.75. పుస్తకంలో లేని సూత్రాన్ని నేను కనుక్కున్నానని ఆ రాత్రి చాలా గర్వపడ్డాను. తర్వాత చల్లారింది అనుకోండి. ఇది ఎప్పటి నుంచో తెలిసిందే అయుంటుంది. అయినా మితులు సరిపోలేదని పట్టుబట్టి వెతికితేనే కదా అది దొరికింది.

దీన్నుంచి నాకొక చిన్న అలవాటు వచ్చింది. సూక్ష్మీకరణలో బ్రాకెట్టులో 1 కనబడితే, దాని పక్కన కూడినది కచ్చితంగా ఉత్త అంకె కావాలి. యు + ఏ టి లోంచి యు బయటికి తీస్తే యు (1 + ఏ టి బై యు) రావాలి. తొందరలో యు (1 + ఏ టి) అని రాస్తాం. ఏ టి వేగం. 1 కి వేగాన్ని ఎట్లా కలుపుతాం? మొత్తం లెక్క మళ్లీ చేయక్కర్లేదు, ఆ బ్రాకెట్టు ఒక్కటి చూస్తే చాలు. సైన్, కాస్, లాగ్ లోపల ఉండేదీ అంతే, ఉత్త అంకె కావాలి. లోలకం ఆవర్తన కాలంలో ఎల్ పైనా జి పైనా అని ఎప్పుడూ వచ్చే అనుమానం కూడా ఇట్లాగే తీరిపోతుంది. ఎల్ బై జి కాలం స్క్వేరు, దాని రూట్ కాలం. తిరగేస్తే 1 బై కాలం వస్తుంది.

ఇంత పొగిడాను కాబట్టి మితులు చేయలేని పని కూడా చెప్పాలి. లేకపోతే మా మిత్రుడు మళ్లీ పుస్తకం పట్టుకొస్తాడు. లోలకం సూత్రంలో 2 పై ని మర్చిపోతే మితులు ఏమీ అనవు. వి² = యు² + ఏ ఎస్ అని రాసినా మితులు సరిపోతాయి. కానీ 2 పోయింది కాబట్టి తప్పే. ప్లస్సు బదులు మైనస్సు రాసినా పట్టుకోలేవు. అన్నిటికంటే ఎక్కువ మంది చేసే తప్పు, రూట్ ఆఫ్ యు² + వి² ని యు + వి అని రాయడం. రెండూ వేగాలే, మితులు చూసి వదిలేస్తాయి. పని, బల భ్రామకం వేరు వేరు సంగతులు, వాటికి మితులు మాత్రం ఒకటే. కాబట్టి మితులు సరిపోతే లెక్క సరైనదని అనుకోకూడదు. మితులు సరిపోకపోతే మాత్రం తప్పు ఉన్నట్టే, లేదా ఎక్కడో ఒక 1 దాక్కున్నట్టే. మెస్సు బియ్యం చెరిగేటప్పుడు చేట పెద్ద రాళ్లను పట్టుకుంటుంది, సన్న ఇసుక పోదు. అందుకని చేట పారేయం కదా.

ఒకే మితి ఉన్నా ప్రమాణం వేరైతే కూడా మితులు చెప్పలేవు. కావిడి, కిలో సంగతి ఇది. దీనికి నిజంగా జరిగిన ఒక ఉదాహరణ ఉంది. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానానికి దారిలో, దాదాపు 12,500 మీటర్ల ఎత్తులో ఇంధనం అయిపోయింది. దానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో అప్పటికే 7,682 లీటర్లు ఉంది. లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77 తో గుణించారు. 1.77 అనేది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. కిలోల్లో అయితే దాదాపు 0.8 వేయాలి. వచ్చిన పౌండ్లను కిలోలనుకుని ఇంకా 4,916 లీటర్లు పోస్తే చాలనుకున్నారు. నిజానికి పోయాల్సింది 20,000 లీటర్ల పైమాటే. ఇంజన్లు రెండూ ఆగిపోయాక పైలట్లు విమానాన్ని గద్దలా తేల్చుకుంటూ వచ్చి గిమ్లీ అనే ఊళ్లో పాత సైనిక రన్‌వే మీద దించారు. లోపలున్న 69 మందీ బతికారు. 1.77 పక్కన "పౌండ్లు బై లీటరు" అని రాసి ఉంటే, జవాబు పక్కన పౌండ్లు దానంతటదే వచ్చేది. వాళ్లకు కూడా ఎవరో "ఈ కిలో ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడగాల్సింది.

ఇంకొక అభ్యంతరం, టైము. "పరీక్షలో మూడు గంటలే, ఇవన్నీ చూస్తూ కూర్చుంటే లెక్కలెప్పుడు చేస్తాం?" ప్రతి మెట్టూ చూడమని నేను కూడా అనను. పేజీ తిప్పినప్పుడు, భిన్నం తిరగేసినప్పుడు, రూట్ తీసినప్పుడు చూస్తే చాలు. ఇరవై లెక్కపెట్టినంత సేపు పట్టదు. పైగా అక్షరాలతో చేసినవాడికి (బి) భాగం ఒక్క మెట్టులో వస్తుంది. అంకెలతో చేసినవాడు మొదటి నుంచి గుణించుకుంటూ రావాలి. కాగితం ఖర్చూ తగ్గుతుంది. లాంగు నోటు పుస్తకాలు మనకు లెక్క ప్రకారమే ఇస్తారు, రఫ్ పనికి పాత పరీక్ష పేపర్ల వెనక పక్కలు వాడుకునే సంగతి వార్డెను గారికి తెలుసు.

అసలు నేనింత పట్టుబట్టడానికి కారణం వేరే ఉంది. మన డార్మెటరీలో ఫిజిక్సు గైడు ఒక్కటే ఉంది. అందులో వెనక జవాబుల పేజీలు ఊడిపోయాయి. లెక్క చేశాక అది కరెక్టో కాదో తెలియాలంటే పొద్దున్నే మాస్టారు రావాలి, లేకపోతే ఎవడికి మార్కులు ఎక్కువొస్తాయో వాడి నోటు చూడాలి. పట్నంలో చదివేవాళ్లకు ట్యూషను ఉంటుంది, అడగడానికి ఇంట్లో అన్నో అక్కో ఉంటారు. మనలో చాలామందికి ఇంట్లో ఆ పుస్తకం తెరిచినవాళ్లు ఎవరూ లేరు. అందుకే మనం సరైన జవాబు ఎప్పుడూ ఇంకొకళ్ల దగ్గర ఉంటుందని అనుకుంటాం. తప్పు చేసినా "వాడిదీ అంతే వచ్చింది" అని ధైర్యం చెప్పుకుంటాం. క్వార్టర్లీలో నా వెనక బెంచీలో ఇంకో ఇద్దరు 1 మీటరే రాశారు, ఎట్లా రాశారో వాళ్లకూ నాకూ తెలుసు. మితులు చూసుకోవడానికి గైడు అక్కర్లేదు, జవాబుల పేజీ అక్కర్లేదు, మాస్టారు నిద్ర లేవక్కర్లేదు. రాత్రి పదింటికి ఒక్కడివే కూర్చుని "ఇది తప్పు" అని నమ్మకంగా చెప్పుకోవచ్చు. నాకు ఇంతవరకు ఏ సబ్జెక్టులోనూ అట్లా చెప్పుకునే వీలు దొరకలేదు.

వార్డెను గారికి ఒక మనవి. స్టడీ హాల్లో వెనక గోడ మీద ఉన్న పాత నల్లబోర్డు ఖాళీగానే ఉంది. దాని మీద వారానికి ఒక సూక్ష్మీకరణ, తప్పుతో సహా రాస్తాం. ఎవరికి తప్పు దొరికితే వాళ్లు పక్కన కారణం రాయాలి, ఉత్త జవాబు రాయకూడదు. సీనియరు అన్నలు కూడా లెక్కలు ఇవ్వాలని కోరుతున్నాను. చాక్‌పీసులు మేమే మిగిలిన ముక్కలు ఏరుకుంటాం.

బోర్డుకు అనుమతి వచ్చేదాకా మొదటి లెక్క ఇక్కడే ఇస్తున్నాను. కప్పీ మీద తాడు, ఒక పక్క ఎం1, ఇంకో పక్క ఎం2. ఎం1 ఎక్కువ బరువు. త్వరణం ఎంత? ముగ్గురు మిత్రులు మూడు జవాబులు తెచ్చారు. ఒకరిది పైన (ఎం1 − ఎం2) జి, కింద ఎం1 ఇంటూ ఎం2. ఇంకొకరిది పైన (ఎం1 − ఎం2) జి, కింద ఎం1 + ఎం2. మూడోవారిది పైన (ఎం1 + ఎం2) జి, కింద ఎం1 − ఎం2. ఒకటి మితులతోనే ఎగిరిపోతుంది. మిగిలిన రెండింటి మధ్య మితులు తీర్పు చెప్పవు. రెండు పక్కలా ఒకే బరువు కడితే ఏమవ్వాలో ఆలోచించండి. జవాబు ఈ చార్టు కింద ఖాళీలో పెన్సిలుతో రాయండి. స్కెచ్ పెన్నుతో రాయొద్దు, వెనక పక్క వచ్చే నెల పత్రికకు కావాలి.

– ఒక జూనియర్ ఎం.పి.సి. విద్యార్థి